వంకాయరంగు గుండ్లు

"ఎర్ర గుండే వేగంగా పోతుంది. రాసిపెట్టుకో," అన్నాడు లూమిర్.

"రంగుకీ వేగానికీ ఏంటయ్యా సంబంధం?" అంది ఆర్లిస్.

"ముప్ఫై ఏళ్ల నుంచీ కాలుస్తున్నాను. అదంతే."

ఆర్లిస్ వంటింటి కత్తితో పార్సెల్ టేపు కోసింది. ఇంటి కింది గదిలో, తూటాలు చేసుకునే బల్ల మీద, దీపం వెలుగులో పెట్టె మూత తెరుచుకుంది. లోపల నిండా సీసపు గుండ్లు, ఒక్కొక్కటి చిటికెనవేలి కొసంత. మామూలు సీసంలా మురికి బూడిదరంగులో లేవు. వాటికి పూత ఉంది. ఆ పూత నిగనిగలాడే వంకాయరంగు.

లూమిర్ పెట్టెలోకి తొంగిచూసి, ఇంట్లో ఎవరో పోయినంత నిట్టూర్పు విడిచాడు.

"వీటితో పోటీకి వెళ్తావా? చర్చి బజారులో పిల్లలకి పంచే చాక్లెట్లలా ఉన్నాయి. నా పరువేం కావాలి?"

"నీ పరువు నీ పెట్టెలో ఉందిగా, ఎర్రగా. నావి నావి."

అసలు తగువు రంగుది కాదని ఇద్దరికీ తెలుసు. ఈ ఇంట్లో తూటాలు చేసేది లూమిర్. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే. ధాన్యం గిడ్డంగిలో ఉద్యోగం విరమించాక మరీను, పొద్దున్న కాఫీ కప్పుతో కింది గదిలోకి దిగితే మధ్యాహ్నం భోజనానికి పిలిస్తేగాని పైకి రాడు. కాల్చిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, కడిగి, సాపు చేసి, మడమలో నిప్పంటించే కొత్త ప్రైమరు గుచ్చి, తుపాకిమందు పోసి, గుండు కూర్చి, మూతి బిగించి, తనకొక పెట్టె, పెళ్లానికొక పెట్టె చేసేవాడు. ఆర్లిస్ వాటిని పట్టుకెళ్లి కాల్చేది. ఆయనకంటే బాగా కాల్చేది. ఆ సంగతి పిస్తోలు క్లబ్బులో అందరికీ తెలుసు, లూమిర్‌కి కూడా తెలుసు, కానీ "తూటా ఎవరు చేశారనుకున్నారు?" అని ఆయన అడిగేవాడు.

కిందటేడు ఆ ప్రశ్నే ఎదురు తిరిగింది. రాష్ట్రస్థాయి పోటీలో వేగం కొలిచే యంత్రం ముందు ఆర్లిస్ తూటాలు తేలిపోయాయి. గుండు బరువునీ వేగాన్నీ గుణిస్తే వచ్చే లెక్క ఒక గీత దాటాలి. దాటకపోతే ఆ మనిషి రోజంతా ఎంత బాగా కాల్చినా స్కోరు సున్నా. చప్పటి తూటాకి చేతిలో కుదుపు తక్కువ, గురి సులువు. అందుకే ఆ కాపలా. ఆడమనిషి మణికట్టు కదా, కుదుపు తగులుతుందని లూమిర్ ఆవిడ తూటాల్లో మందు రవ్వంత తగ్గించి పోశాడు. ఆవిడతో ఒక్కమాట చెప్పలేదు. ఆడవాళ్లలో మొదటి స్థానం రావాల్సిన మనిషికి సున్నా వచ్చింది.

అప్పుడు మెర్ల్ డాబ్సన్ అనే పెద్దమనిషి, పశువుల వేలంపాటలో అరిచీ అరిచీ గొంతు మైకులా తయారైన మనిషి, అందరి ముందూ "ఏమ్మా ఊదుగొట్టం! ఊది కాల్చావా ఏంటి?" అన్నాడు. అంతే. ఏడాదిపాటు ఆర్లిస్‌ని ఎవరూ ఆర్లిస్ అని పిలవలేదు. ఆవిడ పిస్తోలు తీస్తే చాలు, పక్కవాళ్లు పెదాలు సున్నాలా చుట్టి ఊదేవారు. చేసినవాడికి కాదు పేరు, కాల్చినదానికి.

"వాళ్ల యంత్రం పాడైందని, మనదీ పాడైందని నేను చెబుతూనే ఉన్నా," అన్నాడు లూమిర్, గుండు ఒకటి వేళ్ల మధ్య తిప్పుతూ. ఆడలేక మద్దెల ఓడు అనడం ఆయనకి అలవాటే.

"ఆదివారం పోటీకి నా తూటాలు నేనే చేసుకుంటాను," అంది ఆర్లిస్. "మందు నేనే చూసుకుంటా. గుండు నేనే చూసుకుంటా. నెగ్గినా సున్నా వచ్చినా నాదే. నువ్వు చెయ్యి పెట్టకు."

"పెట్టను."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు. వాళ్లమ్మ పోయి పాతికేళ్లయింది కాబట్టి ఆ ఒట్టుకి ఆర్లిస్ పెద్ద విలువ ఇవ్వలేదు.

మందు దగ్గర మళ్లీ మొదలైంది. లూమిర్‌కి ఒకటే మందు. నల్లటి రవ్వల మధ్య అక్కడక్కడ ఎర్రటి చుక్కలుంటాయి. చాలా చురుకైన మందు. చిటికెడు పోస్తే చాలు. ఒక డబ్బా కొంటే మనవల పెళ్లిళ్ల దాకా వస్తుందని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. క్లబ్బులో అందరూ దాన్ని లూమిర్ మిరపకారం అనేవారు. ఇంకెవరూ వాడరు. ఆయన తప్ప అందరూ మానేసి చాలా కాలమైంది.

ఆర్లిస్ మూడు రకాలు తెప్పించుకుంది. ఒకటి మరీ సన్నం, నూనెగింజల్లా జారిపోయి కొలతలో నిలవలేదు. ఒకటి బాగానే ఉంది గాని కాల్చినప్పుడు పూత మాడిన వాసన, కళ్ల ముందు పొగ. మూడోది బూడిదరంగు పలకలు పలకలుగా, గుల్లగా, అటుకుల్లా ఉంది. గొట్టంలో సగానికి పైగా నిండుతుంది.

"ఇంత పొయ్యాలా? ఇది మందా, పశువుల దాణానా?" అన్నాడు లూమిర్.

"పొరపాటున రెండుసార్లు పడితే పొంగి బల్ల మీదికొస్తుంది. కంటికి కనిపిస్తుంది. నీ చిటికెడు రెండుసార్లు పడితే ఎవరికి తెలుస్తుంది? పిస్తోలు పేలాక నాకు తెలుస్తుంది."

"ముప్ఫై ఏళ్లలో నాకు ఒక్కసారి పడిందా?"

"నీకు పడలేదయ్యా. నాకు పడొచ్చుగా. నేను కొత్త."

లూమిర్ పైకి వెళ్లి ఫ్రిజ్ తలుపు గట్టిగా వేశాడు.

మర్నాడు తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంది. మొక్కజొన్న కోతలు సగమే అయ్యాయి, గాలి మాత్రం అప్పుడే చలికాలం గాలి. ఆర్లిస్ రాత్రి పడుకోబోయేముందు తను చేసిన కొన్ని తూటాలు, లూమిర్ ఎర్రగుండ్ల తూటాలు కొన్ని, రెండు వేరు వేరు టీకప్పుల్లో వేసి వెనక వరండాలో పెట్టింది. బడి బస్సు నడిపే మనిషికి చలి అంటే ఏంటో ఒకరు చెప్పక్కర్లేదు. ఏ ఇంజనైనా షెడ్డులో ఒకలాగా, మంచులో ఒకలాగా మాట్లాడుతుందని ఆవిడకి ఎప్పుడో తెలుసు. మందు కూడా మండేదే కదా, దానికి మాత్రం చలెందుకు వెయ్యదు?

పిల్లల్ని బడి దగ్గర దింపి, బస్సు షెడ్డులో పెట్టి, పికప్పు బండి తీసుకుని నేరుగా క్లబ్బు మైదానానికి వెళ్లింది. మట్టిగట్టు ముందు లూమిర్ యంత్రాన్ని, ఆయన పాడైందన్న యంత్రాన్నే, ముక్కాలి పీట మీద నిలబెట్టింది. ముందు తనవి కాల్చింది. గీత దాటాయి, నింపాదిగా, ఒకదాని వెనక ఒకటి, పెద్ద తేడా లేకుండా. తరవాత లూమిర్‌వి. మొదటిది గీతకి కింద. రెండోది ఇంకా కింద. మూడోది సరిగ్గా గీత మీద కూచుంది, దిగాలా ఎక్కాలా అన్నట్టు.

చేతులు కొంకర్లు పోతున్నా అన్నీ కాల్చింది. అయ్యాక పిస్తోలు గొట్టంలోకి వెలుతురు పెట్టి చూసింది. లూమిర్ తూటాల తరవాత లోపలి గాడిలో సీసం చారలు అంటుకుని ఉన్నాయి. ఇలాంటి చారల్ని లూమిర్ ప్రతి పోటీ తరవాత బ్రష్షుతో గంటల తరబడి తోముతాడు. అది భక్తి అనుకుంటాడు.

ఇంటికొచ్చి సుత్తి తీసింది. తూటాని దాని తలలో బిగించి బల్లకేసి కొడితే గుండు ఊడిపడే సుత్తి అది. లూమిర్ తూటా ఒకటి ఊడదీసి చూస్తే, గుండు నడుము చుట్టూ పూత తెగి లోపలి సీసం ఉంగరంలా మెరుస్తోంది. మూతి అంత గట్టిగా బిగించాడు. తనది ఊడదీస్తే ఎక్కడా గాటు లేదు. చేసేటప్పుడే గొట్టం మూతి ముందు కాస్త ఎక్కువ విప్పి, గుండు పూత గీసుకోకుండా కూర్చి, చివర్న ఆ విప్పింది సాపు చేసి వదిలేసింది. అంతకు మించి బిగించలేదు.

"నీవి చలికి ముడుచుకుంటున్నాయి," అంది భోజనం దగ్గర. "గీత దాటట్లేదు. ఆదివారం పొద్దున్న ఇంకా చలిట. కాస్త చూసుకో."

లూమిర్ బంగాళాదుంప నములుతూ ఆగాడు. "ఏ యంత్రంతో చూశావు?"

"నీదే."

"అది పాడైందిగా!"

"నావి మాత్రం గీత దాటినట్టే చూపించింది."

"పాడైందనడానికి అంతకంటే రుజువేం కావాలి?" అన్నాడు లూమిర్, ఎంతో తృప్తిగా. తను పట్టిన కుందేలికి మూడే కాళ్లు. ఆర్లిస్ ఇంకో చెంచా గ్రేవీ వడ్డించింది.

శుక్రవారం సాయంత్రం ఆవిడ పోటీ తూటాలు చేస్తుంటే లూమిర్ అటూ ఇటూ తిరిగాడు. చెయ్యి పెట్టనని ఒట్టు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాడు, మ్యూజియంలో తిరిగే మనిషిలా. తూటాలు బిగించే ప్రెస్సు పిడి ఆవిడ దించినప్పుడల్లా ఆయన మోచెయ్యి తనంతట తనే వంగుతోంది.

"మూతి కొంచెం బిగిస్తే బావుండేది."

"ఊఁ."

"ఊరికే చెప్పానంతే. గుండు లోపలికి జారితే?"

ఆర్లిస్ చేసిన తూటా ఒకటి తీసి, గుండు కొసని బల్లకేసి బొటనవేలితో బలంగా అదిమి చూపించింది. జారలేదు. లూమిర్ కూడా అదిమి చూశాడు. ఆయన వేలి మీద గుంట పడింది తప్ప గుండు కదల్లేదు. వేలు చప్పరించుకుంటూ వెళ్లి ఆవిడకి కాఫీ తెచ్చిచ్చాడు. ఎంత విసిగించినా కాఫీ తేవడం మరిచిపోడు, అదీ ఆయనతో చిక్కు.

చివరికి తూటాలన్నీ ట్రేలో మడమలు పైకి నిలబెట్టి, స్కేలు పెట్టి, ఊదా రంగు మార్కరుతో ఒకేసారి వరస వరసకీ గీత లాగింది. పోటీలో కాల్చిన గొట్టాలు నేల మీద కలిసిపోతే ఎవరివి ఎవరివో తెలియాలిగా. లూమిర్‌ది నల్ల గీత. ఇన్నాళ్లూ ఆవిడవి కూడా నల్ల గీతే. మొదటిసారి తన రంగు తను గీసుకుంటుంటే ఆర్లిస్‌కి, ఎవరూ చూడటం లేదనుకుంది కాబట్టి, నవ్వొచ్చింది.

లూమిర్ చూస్తున్నాడు. ఆ నవ్వు చూసే ఆయనకి భయం పట్టుకుంది. ఆ సంగతి ఆవిడకి తరవాత తెలిసింది.

శనివారం బడి బ్యాండు మేళాన్ని పక్క ఊరి ఫుట్‌బాల్ ఆటకి బస్సులో తీసుకెళ్లి, బాకాల గోల నెత్తిన మోసుకుని సాయంత్రం ఇంటికొచ్చేసరికి, ఆశ్చర్యం, లూమిర్ సామానంతా సర్ది పెట్టేశాడు. ఆవిడ సంచి, ఆయన సంచి గుమ్మం దగ్గర పక్కపక్కన. ఫ్లాస్కులు కడిగాడు. గసగసాలు కూరిన తియ్యటి కొలాచీ బన్నులు పొట్లం కట్టాడు.

"ఏంటి ఇంత మర్యాద?"

"భర్తనన్నాక ఆ మాత్రం చెయ్యనా?" అన్నాడు, ఆవిడ కళ్లలోకి చూడకుండా. "అన్నట్టు, నేను కూడా ఆ చాక్లెట్ గుండ్లే కాలుస్తున్నా రేపు. కొన్ని తీసుకున్నాలే. రంగు ఆలోచిస్తే మరీ అంత ఘోరంగా ఏం లేదు."

ముప్ఫై ఏళ్ల ఎరుపు ఒక్క శనివారంలో వంకాయ అయిపోవడమేంటని అప్పుడే అనుమానించాల్సింది. కానీ చెవుల్లో ఇంకా బాకాలు మోగుతున్నాయి. ఆర్లిస్ స్నానం చేసి పడుకుంది.

ఆదివారం మైదానంలో పికప్పుల అద్దాల మీద మంచు గీకుతున్న చప్పుడు. అందరి నోళ్లలోంచీ ఆవిరి. లూమిర్ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని మెర్ల్‌తో కబుర్లకి వెళ్లాడు. ఆర్లిస్ పికప్పు వెనక తోకపలక దించి, తన పెట్టె తెరిచి, గేజు తీసింది. పోటీ ముందు ప్రతి తూటానీ ఆ ఉక్కు రంధ్రంలో వేసి చూసుకోవడం ఆవిడకి అలవాటు. టప్ మని దిగాలి, తిప్పితే టప్ మని పడాలి.

మొదటిది దిగింది. పడింది. ఆవిడ గోరు అలవాటుగా గొట్టం మూతి మీదుగా జారింది, అక్కడ తట్టుకుంది. కిందికి చూసింది. మూతి గుండులోకి కరుచుకుని ఉంది. ఆ అంచున వంకాయరంగు పూత చిట్లి సన్నటి పొర లేచింది.

రెండోది తీసింది. అంతే. మూడోది. అంతే. వెనక్కి తిప్పి మడమలు చూసింది. ఊదా గీతలే, కాని స్కేలుతో గీసినవి కావు. ఒక్కొక్కటీ చేత్తో గీసినవి, వణుక్కుంటూ, వంకర వంకరగా, తాగి నడిచినవాడి అడుగుల్లా.

ఆర్లిస్ ఆ తూటాని ఠక్కున తోకపలక మీద పెట్టింది. మా అమ్మ మీద ఒట్టట! ఆవిడ బస్సు నడుపుకుంటుంటే ఇంట్లో కూచుని, ఆవిడ గుండ్లు తీసుకుని, వాటి కింద తన మిరపకారం పోసి, ఆవిడ ఊదా గీత దొంగిలించి, ఆవిడ పెట్టెలో పెట్టాడు. అంటే ఈ పూట గీత దాటితే అది లూమిర్ గొప్ప. దాటకపోతే ఆర్లిస్ ఊదుగొట్టం. ఎటు తిప్పినా ఆవిడ చేసింది ఎక్కడా లేదు. చెంప మీద కొట్టినా ఇంత అవమానంగా ఉండేది కాదు.

వెళ్లి అందరి ముందూ కడిగెయ్యాలని రెండడుగులు వేసింది కూడా. అప్పుడు ఆలోచన తట్టింది: మరి నావేవీ?

లూమిర్ సంచి తెరిచింది. ఆయన పెట్టెలో ఉన్నాయి. స్కేలు గీతలు, నున్నటి మూతులు. తను చేసినవన్నీ, ఒక్కటి పోకుండా. వాటిని పారెయ్యలేదు. తనే కాలుద్దామని పెట్టుకున్నాడు. సున్నా వస్తుందని నమ్మి, ఆ సున్నా తన నెత్తిన వేసుకుందామని.

కిందటేడు యంత్రం దగ్గరి మనిషి మీదికి ఈ లూమిరే చొక్కా చేతులు మడిచి వెళ్లి, మైదానంలోంచి గెంటించుకునేదాకా వచ్చాడు. అంతా తనకోసమే. తప్పు తనదని మాత్రం ఒక్కసారీ అనలేదు. ఈ మనిషిని ఏం చెయ్యాలి? ముద్దు పెట్టుకోవాలా, తోకపలకకేసి కొట్టాలా? దూరంగా మెర్ల్ పక్కన నవ్వుతున్న లూమిర్ టోపీ చెవుల దాకా లాక్కుని, ముక్కు ఎర్రగా, ఎంతో అమాయకంగా ఉన్నాడు.

"నీ మందు మీద నీకు అంత నమ్మకమైతే," అంది ఆర్లిస్ తనలో తనే, "నువ్వే కాల్చుకో."

ఆయన తూటాలు ఆయన పెట్టెలోకి, తనవి తన పెట్టెలోకి మార్చింది. మూతలు వేసింది. చేతులు తుడుచుకుని కొలాచీ ఒకటి తినేసింది.

వేగం కొలిచే యంత్రం దగ్గర కూచునేది హాల్వర్ టాఫ్ట్. నెమ్మది మనిషి. ఆయన తుమ్మడానికి కూడా ఆలోచించి తుమ్ముతాడని చెప్పుకుంటారు. మడతబల్ల మీద చిన్న త్రాసు, గుండు ఊడదీసే సుత్తి, మందు పడటానికి తెల్ల కాగితపు పళ్లెం. వచ్చినవాళ్ల తూటాలు కొన్ని తీసుకుంటాడు. ఒక గుండు ఊడదీసి తూస్తాడు, కొన్నిటిని వాళ్ల పిస్తోలుతోనే కాలుస్తాడు.

"రామ్మా ఊదుగొట్టం!" అన్నాడు మెర్ల్, వెనక బెంచీ మీంచి. నలుగురు పెదాలు చుట్టి ఊదారు. ఆ చలిలో ఆవిరి బాగా కనిపించింది కూడా.

ఆర్లిస్ తలెత్తలేదు. హాల్వర్ ఆవిడ గుండు తూచాడు. పళ్లెంలోని బూడిదరంగు మందుని ఎవరూ చూసేలోపే డబ్బాలోకి ఒంపాడు. కాల్చాడు. మళ్లీ కాల్చాడు. ఇంకోసారి. లెక్క వేసి, కళ్లజోడు మార్చి, మళ్లీ వేశాడు.

"దాటింది," అన్నాడు. "హాయిగా దాటింది. మూడూ కవలపిల్లల్లా ఉన్నాయి. బాగా చేసిన తూటాలు."

బెంచీ మీద ఊదడం ఆగిపోయింది. ఆర్లిస్ బల్ల అంచు పట్టుకుంది. ఏడాదిగా ఎదురుచూసిన మాట, హాల్వర్ నోటి వెంట వాతావరణ వార్తలా వచ్చింది, అయినా ఎంత బావుంది!

ఆమెకంటే ఎక్కువ వెలిగిపోతున్నది లూమిర్ మొహం. తన మందే గెలిపించిందనుకుంటున్నాడు కదా. గుంభనంగా మీసం దువ్వుకుని, "చూశావా, అంతా మంచికే," అన్నాడు. "కొన్ని కొన్ని అలా జరిగిపోతుంటాయి. ఎవరి వల్ల, ఏంటి అని అడగకూడదు."

"నేనేం అడగలేదుగా," అంది ఆర్లిస్.

తరవాత లూమిర్ వంతు. యుద్ధానికి కొడుకుని సాగనంపే తండ్రిలా తన పిస్తోలు హాల్వర్ చేతిలో పెట్టాడు. హాల్వర్ గుండు ఊడదీసి తూచి, మందు ఈసారీ చూడకుండానే డబ్బాలోకి ఒంపేసి, కాల్చాడు. తల ఊపాడు. మళ్లీ కాల్చాడు. అడ్డంగా ఊపాడు. నియమం ప్రకారం ఇంకొన్ని కాల్చాడు. అంకెలు వేసి, కళ్లజోడు మార్చి, ఆగాడు.

"దాటలేదు లూమిర్."

"ఎంతలో?"

"కొంచెంలో. కానీ దాటలేదు."

ఇక్కడ లూమిర్ నోరు మూసుకుని ఉండాల్సింది. నిన్నంతా కూచుని ఆలోచించిన త్యాగం అదే కదా: సున్నా తను తీసుకోవడం, ఎవరికీ చెప్పకపోవడం. కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పైగా బెంచీ మీంచి మెర్ల్, "ఓరి లూమిర్! నీక్కూడానా?" అన్నాడు. ఆ మాటతో ముప్ఫై ఏళ్ల పరువు ఎదురొచ్చి నిలబడింది.

"ఇవి నావి కావు!" అని అరిచాడు. "అందరూ వినండి. ఇవి ఆర్లిస్ చేసినవి. ఆ దాణా మందు పనికిరాదని నేను మొదట్నుంచీ మొత్తుకున్నా. పాపం మళ్లీ ఏడుస్తుందని నేనే మార్చేశా. ఇందాక దాటినవీ, అవీ నా తూటాలు! నా మందు! ఇవి ఆవిడవి!"

అందరూ ఆర్లిస్ వైపు తిరిగారు. లూమిర్ కూడా తిరిగాడు. తిరిగాకగాని తనేమన్నాడో తనకి అర్థం కాలేదు. మొహంలో రంగు కారిపోయింది.

"ఆర్లీ... నేను... అలా కాదు..."

ఆర్లిస్ బల్ల వైపు తిరిగింది. "హాల్వర్, ఆయన తూటాల్లో ఇంకోటి మిగిలింది కదా?"

"ఆఖరిది ఉంది. కాల్చమంటే కాలుస్తా, ఊడదీసి తూచమంటే తూస్తా. గుండు బరువెక్కువుంటే లెక్క మారచ్చు. అది కాల్చేవాడి ఇష్టం."

"ఊడదియ్యమని చెప్పు లూమిర్."

"ఎందుకు?"

"చెప్పు."

లూమిర్ తలూపాడు. హాల్వర్ తూటాని సుత్తిలో బిగించాడు. ఒక దెబ్బ. రెండో దెబ్బ. మూడో దెబ్బకి గానీ గుండు ఊడలేదు, అంత గట్టిగా ఉంది మూతి. తల విప్పి తెల్ల పళ్లెంలోకి వంచాడు. గుండు దొర్లింది. దాని నడుము చుట్టూ పూత తెగి సీసపు ఉంగరం. వెనకే చిటికెడు మందు జారి పడింది.

నల్లటి రవ్వలు. మధ్యలో, తెల్ల కాగితం మీద దాచడానికి వీల్లేకుండా, ఎర్రటి చుక్కలు.

హాల్వర్ కళ్లజోడు మార్చాడు. పళ్లెం ఎత్తి వెలుతురుకి పెట్టాడు. బెంచీ మీంచి మెర్ల్ లేచొచ్చి తొంగిచూశాడు.

"మిరపకారం!" అన్నాడు, వేలంపాట గొంతుతో. అటు చివరి పికప్పు దాకా వినిపించింది.

నవ్వులు మొదలయ్యాయి. ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకుని నవ్వారు. ఇంకో పక్క కాల్పులు ఆపి మరీ ఏమైందని అడగడానికొచ్చారు. హాల్వర్ కూడా, ఆలోచించి, నవ్వాడు.

లూమిర్ పళ్లెంలోకి చూస్తున్నాడు. చూసి, ఆర్లిస్ వైపు చూసి, మళ్లీ పళ్లెంలోకి చూశాడు.

"మరి ఇందాక దాటినవి..." అన్నాడు.

"నావే."

"నువ్వు మళ్లీ మార్చావా?"

"మార్చలేదు. ఎవరివి వాళ్లకిచ్చాను."

లూమిర్ టోపీ తీశాడు. ఆర్లిస్‌కి కోపం ఉందనుకున్నాడేమో, చేతిలో టోపీ నలుపుతూ నిలబడ్డాడు. కోపం ఉంది కూడా. కానీ ఆ ఎర్ర ముక్కునీ, మంచులో బోడితలనీ చూస్తే అది నిలవడం లేదు.

"టోపీ పెట్టుకో. జలుబు చేస్తుంది," అంది.

ఆ రోజు మిగతా పోటీ అంతా లూమిర్ లెక్కలోకి రాని కాల్పులు కాల్చాడు. నియమం అంతే, కాల్చుకోవచ్చు, కానీ సున్నా. ఇంటికి వెళ్లిపోతాడేమో అనుకుంది ఆర్లిస్. వెళ్లలేదు. ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా తన పిస్తోలు సంచిలో పెట్టేసి, వెనక నిలబడి, ఆవిడ కాల్చిన గొట్టాలు మంచుగడ్డిలోంచి వంగి వంగి ఏరాడు. ఊదా గీతవే ఏరాడు. ఒకచోట రెండు వేళ్లతో గొట్టం మూతి తడిమి తడిమి చూశాడు.

"ఎంత విప్పుతావు మూతి?" అని అడిగాడు, వచ్చి.

"ఇంటికెళ్లాక చూపిస్తా."

"చెయ్యి పెట్టనిస్తావా?"

"చూడనిస్తా. చేతులు వెనక్కి కట్టుకుని."

సాయంత్రానికి ఎండ కాస్త పసుపుగా వచ్చింది. ఫలితాలు క్లబ్బు షెడ్డు తలుపుకి అంటించారు. జనం మూగారు. ఆర్లిస్ ఇంకా దూరంగానే ఉంది, సంచి సర్దుకుంటూ. ఆడవాళ్లలో తనే మొదటని ఆవిడకి లెక్క తెలుసు, అయినా కాగితం మీద చూసేదాకా నమ్మదలుచుకోలేదు. నడిచి వస్తుంటే ఆవిడ వెనకే లూమిర్, రెండు సంచులూ తనే మోస్తూ.

తలుపు దగ్గర్నుంచి మెర్ల్ చెయ్యెత్తాడు. ఏడాది అలవాటు, మనిషికి వేరే ఉద్దేశం లేదు. "ఏమ్మా ఊదుగొట్టం! చూశావా ఎంతొచ్చిందో?"

ఆర్లిస్ ఆగిపోయింది. ఇంత జరిగాక కూడానా?

వెనక రెండు సంచులూ నేల మీద పెట్టిన చప్పుడైంది. లూమిర్ ఆవిడని దాటుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సున్నా వచ్చింది," అన్నాడు మెర్ల్‌తో, పెద్దగా, అందరికీ వినిపించేలా. "ఊదుగొట్టాన్ని నేను. కిందటేడు కూడా నేనే. ఆవిడ పేరు ఆర్లిస్."

అని, టోపీ సర్దుకుని, సంచులు మళ్లీ ఎత్తుకుని పికప్పు వైపు నడిచాడు.